బల్లి పడితే వర్తించదు

మొన్న దసరాకి టీవీ కొన్నాం. పాతది పోయి కాదు, పన్ను తగ్గి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. ఆ వార్త చదివిన దగ్గర్నుంచి, ఇప్పుడు కొనకపోతే కేంద్ర ప్రభుత్వాన్ని అవమానించినట్టేనని మా బావమరిది ఒకటే పోరు. పోరు పడలేక మా ఆవిడా, వాడూ, నేనూ బెజవాడలో ఒక పెద్ద షోరూంకి వెళ్ళాం.

టై కట్టుకున్న కుర్రాడొకడు మమ్మల్ని 55 అంగుళాల టీవీ ముందు నిలబెట్టి పావుగంట సేపు దాని గుణగణాలు వర్ణించాడు. ఏ పెళ్ళిళ్ళ పేరయ్యా ఏ పెళ్ళికొడుకునీ అంతలా పొగిడి ఉండడు. "ప్యానెల్‌కి తిరుగులేదు సార్. మా ఇంట్లోనూ ఇదే. పదేళ్ళు దీనివంక చూసే పనుండదు" అన్నాడు. చూసే పనే లేకపోతే టీవీ ఎందుకు బాబూ అని అడగబోయి, మా ఆవిడ ముఖం చూసి మింగేశాను. 42,990కి ఖాయమైంది.

బిల్లింగ్ కౌంటర్ దాకా నడిచింది ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగుల్లోనే టీవీ ఆరోగ్యం క్షీణించింది. కుర్రాడు గొంతు తగ్గించి, "సార్, కంపెనీ ఇచ్చేది ఒక్క ఏడాదే. ఆ తర్వాత ప్యానెల్ పోతే ముప్పై వేలు. ఈమధ్య అన్నీ పోతున్నాయి సార్. ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోండి, ఇంకో రెండేళ్ళు నిశ్చింత. 4,999 మాత్రమే" అన్నాడు.

మూడు ముళ్ళు పడుతుండగా అదే పేరయ్య మనల్ని స్తంభం చాటుకి పిలిచి, "అబ్బాయి బంగారమే కానీ గుండె కాస్త వీకు. రెండేళ్ళకి బీమా రాయించుకోండి" అంటే ఎలా ఉంటుంది? పైగా ఆ బీమా కంపెనీ కూడా పేరయ్యదే అయితే?

"రోజుకి ఏడు రూపాయలు పడుతుంది సార్. ఒక టీ డబ్బులు" అన్నాడు. బెజవాడలో ఏడు రూపాయల టీ ఎక్కడ దొరుకుతుందో చెబితే వారంటీ కొంటానన్నాను. "బావా, ఐదువేల దగ్గర కక్కుర్తి పడకు" అని మా బావమరిది అందరికీ వినపడేలా అన్నాడు. వాడికి నా డబ్బంటే ఎప్పుడూ లెక్కలేదు.

నేను మాత్రం లెక్క వేశాను. పాత పన్నుతో అయితే ఇదే టీవీ 46,600 దాకా అయ్యేది. అంటే ఢిల్లీ నాకు మిగిల్చింది 3,600 చిల్లర. దాన్ని పట్టుకుని నేను ఇంకా వీధి మలుపైనా తిరగకముందే, కుర్రాడు అందులోంచి 4,999 అడుగుతున్నాడు. ఆ 4,999లోనూ 18 శాతం జీఎస్టీ ఉంది. అందులో సగం మళ్ళీ ఢిల్లీకే పోతుంది.

ఇక రెండో లెక్క. ముప్పై వేల ప్యానెల్‌కి ఐదు వేలు కట్టడం నాకు గిట్టుబాటు కావాలంటే ఇలాంటి టీవీలు ఆరింటిలో ఒకటి ఆ రెండేళ్ళలో చచ్చి తీరాలి. షోరూం గోడకి సరిగ్గా ఆరు టీవీలు వేలాడుతున్నాయి. "వీటిలో ఏది పోతుంది బాబూ?" అని అడిగాను. "ఏదీ పోదు సార్, అన్నీ గ్యారంటీ సరుకు" అన్నాడు, పాత అలవాటు కొద్దీ. అని నాలిక్కరుచుకున్నాడు.

ఇంజనీర్లు యంత్రాల జాతకాన్ని ఒక గీతగా గీస్తారు. స్నానాల తొట్టిని పక్కనుంచి చూసినట్టుంటుంది, దాని పేరూ అదే. పుట్టు లోపాలున్న సరుకు మొదటి నెలల్లోనే మొరాయిస్తుంది. అది తొట్టికి ఈ గట్టు, అక్కడ కంపెనీ ఉచిత వారంటీ ఉంటుంది. అరిగి అరిగి ముసలితనంలో పోయేది అవతలి గట్టు, అప్పటికి మనం కొన్న వారంటీ కూడా కాలం చేసి ఉంటుంది. మధ్యలో చదునుగా ఉండే అడుగుభాగం, రోగాలు తక్కువగా ఉండే నడివయసు. మనకి అమ్మేది సరిగ్గా ఆ అడుగుభాగాన్నే. ఐదు వేలు కట్టి నీళ్ళు లేని తొట్టిలో హాయిగా పడుకోవచ్చు.

ఇదంతా నేను పుట్టుకతో తెలుసుకుని రాలేదు. నాలుగేళ్ళ కిందట ఏసీతో పాటు ఇలాంటి కార్డే ఒకటి కొన్నాను. మూడో ఏడు, రోహిణీ కార్తెలో, ఏసీ ఆగిపోయింది. నాకు బాధ వేయలేదు. నిజం చెప్పాలంటే లోపల చిన్న సంతోషం, కట్టిన డబ్బు కలిసొచ్చిందని. సొంత ఏసీ చావు కోసం ఎదురుచూసే స్థితికి మనిషిని తెస్తుంది ఈ వారంటీ.

ఎనిమిదో రోజుకి టెక్నీషియన్ వచ్చాడు. మూత విప్పి, టార్చి వేసి, "సార్, ఇలా రండి" అన్నాడు. సర్క్యూట్ బోర్డు మీద ఒక బల్లి, రెండు చేతులూ చాపి, కాలిపోయి ఉంది. నాలుగు వైపుల నుంచీ దానికి ఫొటోలు తీశాడు. మా ఇంట్లో ఎవరికీ అన్ని ఫొటోలు తీయించలేదు నేను. తర్వాత జాబ్ షీట్ మీద పంచనామా రాసి సంతకం పెట్టమన్నాడు. "బల్లి సార్. కవర్ కాదు."

కార్డు వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది ఆ వాక్యం. బల్లులు, ఎలుకలు, బొద్దింకలు, పక్షుల వల్ల కలిగే నష్టం, పిడుగు, ఓల్టేజీ హెచ్చుతగ్గులు, తుప్పు, ప్లాస్టిక్ భాగాలు, రబ్బరు భాగాలు, గ్యాసు, రిమోటు, వీటికి వర్తించదు. మన ఊళ్ళలో ఏసీ ఇవి కాక ఇంకేం జబ్బుతో పోతుంది? మనిషి ముట్టుకోకుండా, కరెంటు ఊగకుండా, పురుగు కుట్టకుండా, పూర్ణాయుర్దాయం రాకముందే సహజ మరణం పొందాలి. భీష్ముడికి తప్ప అలాంటి చావు సాధ్యం కాదు, ఆయనకైనా బాణాలు తగిలాయి కాబట్టి క్లెయిము రాదు.

మన పంచాంగంలో బల్లి శాస్త్రం ఉంది. తల మీద పడితే ఏమిటి, భుజం మీద పడితే ఏమిటి, మగవాళ్ళకి ఏ ఫలం, ఆడవాళ్ళకి ఏ ఫలం, అంతా వివరంగా ఉంటుంది. సర్క్యూట్ బోర్డు మీద పడితే ధననష్టమని మాత్రం రాయలేదు. వచ్చే ఉగాదికైనా చేర్చాలి. నాకు 6,500 అని ఎస్టిమేట్ ఇచ్చారు, విజిటింగ్ ఛార్జీ వేరే. చివరికి మా వీధి చివర రిపేరు షాపు బాబాయి అదే బోర్డుని 1,800కి బాగుచేసి, బల్లిని చీపురుతో ఊడ్చి, దాని ఛార్జీ విడిగా వేయలేదు.

1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయమన్నారు తెలిసినవాళ్ళు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, మంచిదే. ఐదు లక్షల లోపు సరుకైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసుకి ఫీజు కూడా లేదు. దాచిన షరతుతో అంటగట్టారని నిలదీయొచ్చు. తీరా బిల్లు కోసం బీరువా తెరిస్తే, అది వేడికి అక్షరాలు తేలే రకం కాగితం, రెండు వేసవులు దాటేసరికి మొత్తం తెల్లబోయి ఉంది. దాన్ని చూసి నేనూ తెల్లబోయాను. వారంటీ కొన్నవాళ్ళు కొన్నరోజే బిల్లుని ఫొటో తీసి పెట్టుకోవాలని అప్పుడు తెలిసింది.

ఫ్రిజ్ కథ ఇంకో రకం. కంప్రెసర్‌కి పదేళ్ళని తలుపు మీద పెద్ద స్టిక్కర్ ఉంటుంది. కంప్రెసర్ ఉచితమే. గ్యాసు, కూలీ, రవాణా తరచు మనవే. పెళ్ళికొడుకు ఊరికే వస్తాడు, పందిరీ భోజనాలూ బాజాలూ ఆడపిల్లవారివి.

అన్నీ మోసమనడం లేదు. పిల్ల హాస్టల్‌కి తీసుకెళ్ళే ల్యాప్‌టాప్‌కి, కిందపడినా నీళ్ళు పడినా చూసే ప్లాను ఉంటే నేనే కట్టి పంపుతాను, మా పిల్ల సంగతి నాకు తెలుసు గనక. పెద్ద టీవీ ప్యానెల్‌కి భయపడేవాళ్ళు తయారీ కంపెనీ సొంతంగా ఇచ్చే పొడిగింపు చూసుకోవచ్చు. చాలా కంపెనీలు మొదటి ఏడాది నిండే లోపు ఎప్పుడైనా ఇస్తాయి. అంటే కౌంటర్ దగ్గర, కార్డు మిషన్ చేతిలో ఉండగా, వెనక క్యూ దగ్గుతుండగా తేల్చుకోవాల్సిన అవసరం లేదు. పదకొండు నెలలు టీవీ నడతని కళ్ళారా చూసి తేల్చుకోవచ్చు. ఆ ముక్క మాత్రం ఏ కుర్రాడూ చెప్పడు. ఎందుకు చెప్పడో మావాడే చెప్పాడు లెండి, నేను ససేమిరా అన్నాక, టీవీ ప్యాక్ చేయిస్తూ. "టీవీ మీద మాకేం మిగలదు సార్. వారంటీ అమ్మితేనే ఇన్సెంటివ్. నెలకి టార్గెట్ ఉంటుంది." వాడి ముఖం చూసి ఐదువేలూ ఇచ్చేద్దామనిపించింది. ఇన్సెంటివ్ ఎంతో చెబితే అది మాత్రం నీ చేతికిస్తానన్నాను. రూల్స్ ఒప్పుకోవట.

ఇంటికొచ్చాక మా ఆవిడ ఆ 4,999 నా దగ్గర వసూలు చేసి, అటుకుల డబ్బాలో వేసి, మూతకి "వారంటీ" అని కాగితం అంటించింది. ఇంట్లో ఉన్న సమస్త యంత్రాలకీ అదే కవరేజి. కార్తీకంలో మిక్సీ జారు కింద కప్లర్ అరిగిపోతే 80 రూపాయల క్లెయిము రెండు నిమిషాల్లో మంజూరైంది. ఫొటోలు అడగలేదు. ముందటేడు కొన్న స్టెబిలైజర్ ఫ్యూజుకి 20. మిగతా సొమ్ము డబ్బాలోనే ఉంది, టీవీ ఆరోగ్యంగా ఉంది.

సంక్రాంతికి మా బావమరిది వచ్చాడు. భోగి రోజు పొద్దున్నే వంటింట్లో చేరి, "అక్కా, ఆ డబ్బాలో డబ్బు ఊరికే పడుంది కదా. బరి దగ్గరికి వెళ్తున్నా, రెండు వేలు ఇవ్వవే. మనవాళ్ళ కోడి మీదే కాస్తా, రేపు ఇచ్చేస్తా" అన్నాడు.

మా ఆవిడ అరిసెల పాకం కలుపుతూ తల తిప్పకుండా చెప్పింది. "పక్షుల వల్ల కలిగే నష్టానికి వర్తించదురా."