నూటయేబదింత నోరు: ఒక పందెపు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

2001 జూన్ నెలాఖరున వింబుల్డన్ పోటీలు మొదలవబోతుండగా, లండన్ పందెం దుకాణాల్లోకి వెళ్ళి గోరాన్ ఇవానిసెవిచ్ గెలుస్తాడని డబ్బు కట్టినవాళ్ళు కొందరున్నారు. వాళ్ళలో ఒకణ్ణి ఉద్దేశించింది ఈ ఆటవెలది. కవి అజ్ఞాతుడు, వ్యాఖ్యాతకు మాత్రం బాగా తెలిసినవాడు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని మన మెదక్ సీమ కొలాచలం మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. అందులో మొదటి సగం మేమూ పాటిస్తాం. రెండో సగానికి హామీ లేదు.

మూలం

మూడు మార్లు తప్పి ముదిసిన మొనగాడు
నూటయిరువదైదు నొచ్చుభుజము
అతని నమ్మి పౌను నర్పించె నొకడయ్య
నూటయేబదింత నోరు దెరచి

ప్రతిపదార్థం

మూడు మార్లు = 1992, 1994, 1998 సంవత్సరాలలో; తప్పి = వింబుల్డన్ ఫైనల్లో ఓడి (మొదట అగస్సీ చేత, తక్కిన రెండుసార్లూ సంప్రాస్ చేత); ముదిసిన = ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చిన; మొనగాడు = క్రొయేషియాలోని స్ప్లిట్ పట్టణపువాడు, ఎడమచేతివాటంవాడు, సర్వీసే సర్వస్వంగా బతికినవాడు; నూటయిరువదైదు = ప్రపంచ ర్యాంకు; నొచ్చుభుజము = సర్వీసు చేయవలసిన ఆ ఎడమ భుజమే; అతని నమ్మి = అటువంటివాణ్ణి నమ్మి; పౌను = బ్రిటిషు నాణెం, బంగారంతో సంబంధం లేదు; అర్పించె = కట్టెను; ఒకడు = పేరు అక్కర్లేనివాడు; అయ్య = పాదపూరణం, కాస్త జాలి కూడా; నూటయేబదింత = 150 రెట్లుగా; నోరు దెరచి = ఆశపడి.

తాత్పర్యం

మూడుసార్లు అందినట్టే అంది జారిపోయిన కప్పు ఈసారి దక్కుతుందని, ర్యాంకూ భుజమూ రెండూ చెడిన ఆటగాడి మీద ఒకడు పందెం కట్టాడు.

విశేషాలు

శంక: ఇరవై తొమ్మిదేళ్ళకే "ముదిసిన" అనడం తగునా? ఆ వయసుకి మన ఇళ్ళల్లో ఇంకా పెళ్ళిచూపులే పూర్తికావు గదా.

సమాధానం: కాలాన్ని బట్టి తగును. అప్పటి టెన్నిస్‌లో ముప్ఫై అంటే వీడ్కోలు పూలగుత్తి చేతికిచ్చే వయసు. పైగా అతను వింబుల్డన్‌కి అర్హతతో రాలేదు. ర్యాంకు చాలక, నిర్వాహకులు పాత పరిచయం కొద్దీ ఇచ్చిన వైల్డ్ కార్డుతో వచ్చాడు. ఆ ఏడాదే సీడింగుల సంఖ్యను 32కి పెంచినా అందులోనూ చోటు దక్కలేదు. కాలమహిమ ఏమిటంటే, ఇదే ముదుసలి తర్వాత జొకోవిచ్‌కి కోచ్ అయి, ఆ శిష్యుడు 36 ఏళ్ళ వయసులో 2023 యు.ఎస్. ఓపెన్ గెలుస్తుంటే పక్కన కూర్చుని చూశాడు. కవి 2023లో రాసి ఉంటే ఈ విశేషణం వాడి ఉండడు. యతికి మరో మాట వెతుక్కునేవాడు.

"నూటయిరువదైదు" అన్న చోట వ్యాఖ్యాత కాసేపు ఆగుతున్నాడు, పందెపు రహస్యమంతా ఇక్కడే ఉంది గనక. ర్యాంకు అనేది గడిచిన 52 వారాల లెక్క. ఆ వారాల్లో అతను భుజం నొప్పితో ఎర్రమట్టి మీదా సిమెంటు మీదా ఓడిన ఓటములన్నీ అందులో ఉన్నాయి. ఏడాదిలో నాలుగైదు వారాలు మాత్రమే కనిపించే గడ్డి కోర్టు సంగతి అందులో దాదాపు లేదు. గడ్డి మీద బంతి తక్కువ లేస్తుంది, వేగంగా జారిపోతుంది. ఎడమచేతి సర్వీసు పక్కకి తిరిగితే ఎదుటివాడు ప్రేక్షకుల ఒళ్ళోకి పరుగెత్తాలి. కాబట్టి 125 అన్న అంకె సత్యమే, ప్రశ్నకి మాత్రం జవాబు కాదు. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి బరి దగ్గర కుక్కుట శాస్త్రం తెలిసినవాడు కోడి రంగు చూసి ఊరుకోడు, ఏ రోజు ఏ రంగుకి కలిసొస్తుందో కూడా చూస్తాడు. మన పందెగాడూ కోడిని గాక రోజుని చూశాడు. ఇంతవరకు అతను శాస్త్రజ్ఞుడే.

శంక: అయితే 150కి 1 దర ఇచ్చిన దుకాణదారు అజ్ఞానా?

సమాధానం: కాడు. దర అంటే గెలిచే అవకాశానికి కొలత అని అమాయకులు అనుకుంటారు. అది దుకాణం కట్టిన వెల. ఆటగాళ్ళందరి దరల్నీ అవకాశాలుగా మార్చి కూడితే మొత్తం నూటికి నూరు కాక, అంతకన్నా ఎక్కువ తేలుతుంది. ఆ ఎక్కువే దుకాణం అద్దె, గుమాస్తా జీతం, యజమాని కారు. ఎవరూ అడగని ఆటగాడికి పెద్ద అంకె రాసి గోడకి తగిలిస్తే ఆశపోతులు ఒక్కో పౌను పారేసి పోతారు. గుర్రప్పందేల్లో కూడా పెద్ద దర గుర్రాల మీద కట్టినవాళ్ళే సగటున ఎక్కువ పోగొట్టుకుంటారని లెక్కలు కట్టినవాళ్ళ మాట. కవి "అర్పించె" అన్నది అందుకే. హుండీలో వేసినదాన్ని ఎవరూ తిరిగి అడగరు.

"అతని" అనగా ఎవరిని? ఇది చిక్కు. తనలో ముగ్గురు గోరాన్‌లు ఉన్నారని ఇవానిసెవిచ్ తానే చెప్పుకునేవాడు: మంచివాడు, చెడ్డవాడు, ఆ ఇద్దరూ చేతులెత్తేసినప్పుడు ఆదుకునే అత్యవసరపువాడు. అంతకు కొన్ని నెలల ముందు బ్రైటన్‌లో చెడ్డవాడు దిగి, ఉన్న రాకెట్లన్నీ విరగ్గొట్టేశాడు. ఆడటానికి రాకెట్ లేక మ్యాచ్ వదులుకోవలసి వచ్చింది. ఒక్క పౌనుతో ముగ్గురి మీద పందెం కట్టాల్సి రావడం పందెగాడికి లాభమో నష్టమో తర్కశాస్త్రజ్ఞులు తేల్చాలి. మొనగాడి నమ్మకాలు చూస్తే పందెగాడే నయం. ఆ పక్షం రోజులూ పొద్దున్నే పసిపిల్లల టెలిటబ్బీస్ కార్యక్రమం చూడటం, రాత్రికి అదే హోటల్లో అదే బల్ల దగ్గర భోంచేయడం! మనవాళ్ళు ఎవరైనా ఇలా చేస్తే మూఢనమ్మకం అంటారు. వింబుల్డన్ గెలిచినవాడు చేస్తే దినచర్య.

మూలంలో దైవం ప్రస్తావన లేదు. అది కవి చేసిన లోపం. వ్యాఖ్యాత పూరించక తప్పదు. మోయా, రాడిక్, రుసెడ్‌స్కీ, సాఫిన్‌లను మొనగాడు తానే పడగొట్టాడు. కానీ రెండుసార్లు తన కప్పు లాక్కున్న సంప్రాస్ కూడా అదే సగంలో ఉన్నాడు. అతన్ని నాలుగో రౌండులో 19 ఏళ్ళ ఫెడరర్ అనే కుర్రాడు తప్పించాడు. ఆ కుర్రాణ్ణి హెన్‌మన్ తప్పించాడు. అటుపైన సెమీఫైనల్. 1936లో ఫ్రెడ్ పెర్రీ తర్వాత మగవాళ్ళలో మళ్ళీ ఒక స్వదేశీ విజేత కోసం బ్రిటన్ యావత్తూ హెన్‌మన్ వెనక నిలబడింది. మన పందెగాడొక్కడు ఇంటి గది తలుపేసుకుని క్రొయేషియా వైపు నిలబడ్డాడు. శుక్రవారం మూడో సెట్‌లో హెన్‌మన్ 6-0తో ఊడ్చిపారేశాడు, పావుగంట పట్టిందేమో. రెండు సెట్లకి ఒకటి ఆధిక్యం, నాలుగో సెట్‌లోనూ ముందంజ. అప్పుడు వాన పడింది. శనివారం మళ్ళీ మొదలుపెడితే దిగినవాడు మరో గోరాన్. నాలుగో సెట్ టైబ్రేక్‌లో గెలిచాడు. మళ్ళీ వాన. ఆదివారానికి గాని ఆ సెమీఫైనల్ ముగియలేదు: 7-5, 6-7, 0-6, 7-6, 6-3. సెంటర్ కోర్టుకి కప్పు వేసింది 2009లో. ఎనిమిదేళ్ళు ముందే వేసి ఉంటే ఈ పద్యం పుట్టేది కాదు, వ్యాఖ్యాతకి ఈ పనీ ఉండేది కాదు.

"నోరు దెరచి": దీనికి రెండర్థాలు. ఆశతో తెరవడం ఒకటి; జులై 9 సోమవారం సాయంత్రం తెరిచిన నోరు మూతపడకపోవడం రెండోది. ఫైనల్ సోమవారానికి జరగడంతో టిక్కెట్లు గేటు దగ్గరే అమ్మారు. క్రొయేషియా వాళ్ళూ ఆస్ట్రేలియా వాళ్ళూ జెండాలతో నిండిపోయి ఆ పెద్దమనుషుల మైదానాన్ని ఫుట్‌బాల్ స్టేడియం చేశారు. ఎదురుగా రాఫ్టర్, అంతకు ముందు ఏడు ఇదే ఫైనల్లో ఓడినవాడు. అయిదో సెట్ 8-7. సర్వీసు మొనగాడిది. ఆ టోర్నమెంటు మొత్తంలో 213 ఏస్‌లు కొట్టిన చెయ్యి మొదటి మ్యాచ్ పాయింటుకి డబుల్ ఫాల్టు చేసింది. రెండోదానికీ డబుల్ ఫాల్టే. మూడోదాన్ని రాఫ్టర్ తల మీదుగా లాబ్ కొట్టి కాపాడుకున్నాడు. నాలుగోసారి రాఫ్టర్ కొట్టిన బంతి వలకి తగిలింది. 9-7. "మూడు మార్లు తప్పి" అన్న మొదటి పాదం ఈ మూడు పాయింట్లకీ అన్వయిస్తుందని, కవికి ఆ ఉద్దేశం ఉందని కొందరంటారు. కవికి అంత తెలివి లేదని వ్యాఖ్యాతకు రూఢిగా తెలుసు. అయినా అన్వయం బాగుంది గనక ఉంచాం.

పాఠభేదం: నాలుగో పాదంలో 150కి బదులు 125 రెట్లని చదివేవాళ్ళున్నారు, పందెం దర దుకాణానికొకటిగా ప్రచారంలో ఉండటమే కారణం. రెండో పాదంలోని ర్యాంకు చూసి రాయసగాడు పొరబడ్డాడనీ అనవచ్చు. 150 పాఠమే ప్రసిద్ధం.

అలంకారం: అతిశయోక్తి అని విద్యార్థులు రాస్తారు. అది తప్పు, మార్కులు పడవు. దుకాణం ఆ డబ్బు నిజంగా చెల్లించింది కాబట్టి స్వభావోక్తి.

పూర్వపక్షం: ఇది చదివి ప్రతి వృద్ధవీరుడి మీదా పౌను కట్టవచ్చునా?

సిద్ధాంతం: కూడదు. 1974లో రోజ్‌వాల్ 39 ఏళ్ళ వయసులో వింబుల్డన్ ఫైనల్‌కీ, యు.ఎస్. ఫైనల్‌కీ చేరాడు. రెండిట్లోనూ కలిపి కానర్స్ అతనికి ఇచ్చింది ఎనిమిది గేములు. ఆ కానర్స్‌కే 39 వచ్చాక, 1991లో, వైల్డ్ కార్డుతో యు.ఎస్. ఓపెన్ సెమీఫైనల్‌కి చేరి న్యూయార్కుని వెర్రెత్తించాడు. అక్కడ కూరియర్ సునాయాసంగా ఇంటికి పంపాడు. వాళ్ళ మీద కట్టినవాళ్ళ నోళ్ళూ అంతే తెరుచుకున్నాయి, వాటి మీద పద్యాలు లేవు. వింబుల్డన్ పురుషుల సింగిల్స్‌ని వైల్డ్ కార్డుతో గెలిచినవాడు ఇప్పటికీ ఇవానిసెవిచ్ ఒక్కడే. ఒక్క ఉదాహరణ మీద శాస్త్రం కట్టరాదు. మరో సంగతి: ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ నిషేధించాయి కాబట్టి తెలుగు పాఠకులకు ఈ వ్యాఖ్య కేవలం సాహిత్యానందానికే.

ఫలశ్రుతి

మొనగాడు మరుసటి ఏడు భుజానికి శస్త్రచికిత్స చేయించుకుని, కప్పు నిలబెట్టుకునే ఆటకి దిగనేలేదు. పందెగాడికి ఏం మిగిలిందన్నది పన్ను మీద ఆధారపడి ఉంది. అప్పట్లో బ్రిటన్ దుకాణాల్లో పందెం మీద తొమ్మిది శాతం పట్టుకునేవారు. పౌను కట్టేటప్పుడే చెల్లిస్తే 9 పెన్నీలు. గెలిచాక చూద్దాంలే అనుకుంటే, అసలుతో కలిపి వచ్చే 151 పౌన్లలో 13 పౌన్ల 59 పెన్నీలు కోత. పన్ను ముందే కట్టినవాడే అతన్ని నిజంగా నమ్మినవాడు. మనవాడు ఏది చేశాడో మూలంలో లేదు. ఆ పన్నును ప్రభుత్వం అదే ఏడు అక్టోబరులో ఎత్తేసింది.