ఆఖరి స్టేజీ పోచారం

హైదరాబాద్ నుంచి చుట్టాలొచ్చారని చెవిన పడితే చాలు, కామారెడ్డిలో గైడు కాక చెప్పుల్లో కాళ్లు పెట్టేస్తాడు. ఆ చుట్టాలు ఆయనకేమీ కారు, మనకే. పిలవాల్సిన పని కూడా లేదు. మన గేటు ముందు కొత్త కారు ఆగితే అదే పిలుపు. ఇలాంటివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వరంగల్‌లో పుట్టినవాడికి పెద్ద శ్రమ లేదు, వేయిస్తంభాల గుడి దగ్గర దింపేసి చాయ్ తాగి రావచ్చు. కామారెడ్డివాడి తిప్పలే వేరు. చూపించాల్సినవన్నీ ఊరి బయట తలో దిక్కునా ఉన్నాయి. చుట్టాలకేమో సాయంత్రం నాలుగింటికల్లా తిరుగు ప్రయాణం.

కాక ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం అయిపోయింది కానీ గొంతు రిటైరవలేదు. కారెక్కగానే తలలు లెక్కపెడతాడు. వెనక సీట్లో ఇద్దరే ఉన్నా "జర లోపలికి జరుగుండ్రి" అంటాడు. డ్రైవరు ఎవరైనా సరే, "రైట్" ఆయనే చెప్పాలి. చరిత్ర కూడా ఆయనకు రూటు లెక్కే. కాకతీయులు, కుతుబ్‌షాహీలు, నిజాం నవాబులు అందరూ ఎక్కడో ఎక్కి ఎక్కడో దిగిపోయినవాళ్లే.

కామారెడ్డి అంటే నిజామాబాద్ జిల్లాయే కదా అని చుట్టం నోరు జారాడో, బండి అక్కడే ఆగుతుంది. "2016 అక్టోబర్ 11 దాంక. గప్పటిసంది మా జిల్లా మాదే తమ్మీ." ఆ వేడిలోనే పట్టణంలో ఒక ప్రత్యేక స్థలం చూపిస్తాడు. అక్కడ గుడి లేదు, గోపురం లేదు, ఓ స్కూలు గోడ ఉంది. పోలింగ్ బూతు. "2023ల ఈ ఒక్క సీట్ల ఇద్దరు పెద్దోళ్లు నిలబడ్డరు. ఒకాయన అప్పటికే ముఖ్యమంత్రి, ఇంకొకాయన డిసెంబర్ 7న అయిండు. నాలుగు రోజుల ముందు, 3వ తారీఖు నాడు, ఇద్దర్నీ ఓడగొట్టినం." గెలిచిన కాటిపల్లి వెంకటరమణారెడ్డికి కాక ఓటేశాడో లేదో ఎవరికీ తెలియదు. ఆ గోడ మీద ఒక బోర్డు పెట్టాలన్నదే ఆయన పట్టుదల. దేశంలో ఇలాంటి స్థలం ఇంకొకటి చూపించమని సవాలు చేస్తాడు. నిజం చెప్పాలంటే నాకూ తట్టలేదు.

దోమకొండ గడిలో ఆయన పరువు గంగలో కలుస్తుంది. కామినేనివారి కోటను బాగుచేసిన తీరుకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చిందనీ, లోపలి మహాదేవుడి గుడి కోటకన్నా పాతది, కాకతీయుల నాటిదనీ ఆయన గొంతు సవరించుకుని చెబుతుంటాడు. చుట్టం భార్య మెల్లగా అడుగుతుంది: "ఇది రామ్‌చరణ్ అత్తగారివాళ్ల ఊరే కదండీ?" కాక మొహం మాడిపోతుంది. మొదట్లో ఈ ప్రశ్నకు జవాబే ఇచ్చేవాడు కాదు. ఇప్పుడు తెలివి మీరాడు. కామారెడ్డి దాటకముందే తనే రామ్‌చరణ్ పేరెత్తి జనాన్ని బండెక్కిస్తాడు. గుడి ముందు దించాక గానీ కాకతీయుల ఊసెత్తడు.

కాకను బాగా గమనించినవాళ్లకు ఒకటి తెలుస్తుంది. ఆయన ఏ కట్టడాన్నీ చూడడు. వీపు దానికి తిప్పి, మన మొహం చూస్తూ నిలబడతాడు. కనుబొమలు లేచాయా? నోరు తెరుచుకుందా? "బాగుంది" అంటే ఒప్పుకోడు. బాగుంది అని హోటల్లో ఉప్మాను కూడా అంటారట. లింగంపేట నాగన్న మెట్లబావి దగ్గర ఓ సాఫ్ట్‌వేర్ కుర్రాడు మెట్లు చూడకుండా ఫోన్ చూస్తున్నాడని, చేతిలోంచి ఫోన్ లాక్కుని జేబులో వేసుకున్నాడు. బావి పైకొచ్చాకే ఇచ్చాడు, చిల్లర తిరిగిచ్చినట్టు.

ఎల్లారెడ్డి చేరాక ఇంకో రభస. ఎవరో ఒకరు ఫోన్లో "ఎల్లారెడ్డిగూడలో ఉన్నా" అంటారు. అమీర్‌పేట పక్క గల్లీ పేరు ఇక్కడ వినబడితే కాక ఊరుకుంటాడా! "గూడ గాదు, సిరిసిల్ల దిక్కున్న పేట గాదు. ఉత్త ఎల్లారెడ్డి!" అక్కణ్నుంచి నిజాంసాగర్. ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ కట్టించాడు, 1931లో పూర్తయింది, నాగార్జునసాగర్ కన్నా ముప్పయ్యారేళ్లు పెద్దది. ఈ పెద్దరికం ఆయన సొంత అన్నదే అయినట్టు చెబుతాడు. ఆ మంజీర నీళ్ల కింద ఊళ్లకు ఊళ్లే ఉన్నాయి, వాళ్ల అమ్మమ్మ ఊరు కూడా అందులోదే. వేలు పెట్టి చూపిస్తాడు. పోయినసారి ఆ వేలు ఉత్తరానికి ఉంది, ఈసారి పడమరకు. ఎవరూ సరిదిద్దరు. నీళ్లు కదా, ఊరు ఎటైనా ఉండొచ్చు.

ఆఖరి స్టేజీ పోచారం. చెరువు పక్కనున్నది నిజాం వేటాడిన అడవి అనగానే పిల్లలు పులి ఏదని అడుగుతారు. "ఉండె" అంటాడు కాక, కాలం సంగతి తేల్చకుండా. జింకలతో సరిపెట్టి, మక్క కంకులు కొనిచ్చి, అసలు గొడవలోకి దిగుతాడు. ఆయన గొడవ మెదక్ చర్చితో. పోచారం దాకా వచ్చినవాడు మెదక్ పోకుండా ఉండడు. పోయినవాడు చర్చి ఫొటో పెడతాడు, చెరువు ఫొటో పెట్టడు. "కరువుల జనానికి పనిచ్చి కట్టించిండు పాస్నెట్ దొర, నేను కాదన్ననా? కానీ అది 1924ల తెరిచిండ్రు. మా పోచారం కట్ట 1922. రెండేండ్లు చిన్నదానికి గంత షోకేంది?"

2025 ఆగస్టు చివర్లో కాక మాటకు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. కామారెడ్డిలో వాన కుండపోతగా పడి రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, హైవే మునిగింది. పోచారం కట్ట మీదుగా వరద దుంకుతుంటే రాష్ట్రమంతా టీవీల ముందు కూర్చుంది. నూటమూడేళ్ల కట్ట, పక్కన కోతకు గురైనా తెగలేదు. ఎప్పుడో ఆవులిస్తూ ఆ కట్టెక్కిన చుట్టాలంతా ఆ రాత్రి కాకకు ఫోన్లు చేశారు. ఉందా, పోయిందా అని. కాక ఒక్కొక్కరి పేరూ గుర్తుపట్టి, ఎవరెవరు అప్పట్లో కారు దిగకుండా ఏసీలో కూర్చున్నారో వాళ్లకే విడమరిచి చెప్పాడు.

"ఉన్నది తమ్మీ, నిలబడ్డది. గప్పుడు మొకం తిప్పుకొని పోయినవ్. తొవ్వ బాగుచేసినంక ఆదివారం రా, పొద్దుగాల ఆరింటికే బయలెల్లుదం. మత్తడి దుంకేది సూద్దువు. అమ్మాయిని గూడ తోల్కరా. రామ్‌చరణ్ ముచ్చట తొవ్వల చెప్త."