మూడో చుక్క

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనేవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది మొహం దాచుకోవడం. ఆదివారం దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు పట్టాలు పరిచి పుస్తకాలు గుట్టలు పోస్తారు. ఏళ్ల తరబడి వెతుకుతున్న పుస్తకం కనబడిందనుకోండి, దాన్ని తాకకూడదు. పక్కనున్న దాని రేటు అడగాలి, పెదవి విరవాలి, రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, ఇదెంత అని విసుగ్గా అడగాలి. కళ్లు మెరిశాయో, వంద రూపాయలు పెరిగినట్టే. నిజాం కాలేజీలో చదివే రోజుల నుంచీ నాకిది అలవాటు.

ఈ మధ్య ఒక ఆదివారం, పోస్టాఫీసు దాటి కొంచెం ముందుకు వెళ్లాక, ఎంసెట్ గైడ్ల గుట్టకూ పాత వారపత్రికల కట్టలకూ మధ్య, షట్టర్‌కు ఆనించి ఒక ఎలక్ట్రిక్ గిటార్ కనబడింది. పుస్తకాల మధ్య గిటార్ చూడటం నాకదే మొదటిసారి. ఎరుపు రంగు, అంచుల్లో పెచ్చులూడి లోపలి టేకు కనిపిస్తోంది. తల మీద కంపెనీ పేరు లేదు. మెడ మీద పన్నెండో మెట్టు, అంటే ఫ్రెట్, దగ్గరకు చూపు పోయింది. గుండె ఝల్లుమంది.

అక్కడ మూడు చుక్కలున్నాయి.

గిటార్ తెలిసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. మూడు, అయిదు, ఏడు, తొమ్మిది మెట్ల దగ్గర ఒక్కో తెల్ల చుక్క ఉంటుంది. పన్నెండో మెట్టు దగ్గర తీగ సరిగ్గా సగం అవుతుంది, స్వరం పై స్థాయిలో మళ్లీ మొదలవుతుంది. అందుకని అక్కడ రెండు చుక్కలు పెడతారు. మామూలుగా రెండే. మూడు పెట్టిన మనిషిని నేను ఒక్కణ్నే ఎరుగుదును. ఆయన పేరు ఇక్కడ రాయను. రాసే అర్హత నాకు లేదు.

1988లో నాంపల్లి స్టేషన్ వెనక సందులో, సగం ఎత్తిన షట్టర్ కింద నుంచి వంగి వెళితే ఆయన గది. పగలంతా రేడియోలు, పెళ్లిళ్ల మైకుసెట్ల యాంప్లిఫయర్లు బాగుచేసేవారు. పొద్దుగూకాక గిటార్లు చేసేవారు. ఆ రోజుల్లో విదేశీ గిటార్ అంటే దాని ధరకు తోడు కస్టమ్స్ సుంకం. కలకత్తా గివ్సన్ చేతికొస్తేనే మాలాంటి కుర్రాళ్లకు పండగ. ఈయన మాత్రం కూల్చేసిన పాత ఇళ్ల ద్వారబంధాలు కొనుక్కొచ్చేవారు. వందేళ్లు ఎండకు ఎండి, వానకు తడిసిన టేకు ఇక వంగేది లేదని ఆయన లెక్క.

పికప్ కూడా ఆయనే చుట్టేవారు. అయస్కాంతం చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగ, ఏడెనిమిది వేల చుట్లు. పైన ఉక్కు తీగ కదిలితే ఆ రాగి చుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఆ కాస్త విద్యుత్తే యాంప్లిఫయర్‌కు వెళ్లి పాటవుతుంది. కుట్టుమిషను చక్రానికి బిగించి, కాలితో మెల్లగా తొక్కుతూ, నూరు చుట్లకు ఒక చింతగింజ పక్కన పెట్టేవారు. డెబ్బై ఎనిమిదో గింజ దగ్గర తీగ పుటుక్కున తెగడం ఒకసారి కళ్లారా చూశాను. ఒక్క మాట అనలేదు. గింజలన్నీ మళ్లీ డబ్బాలో పోసి మొదటి చుట్టు నుంచి మొదలుపెట్టారు.

ఆయనకు వాయించడం రాదు. 1950లో కాలిఫోర్నియాలో గుల్లలేని గట్టి చెక్క గిటార్‌ను బజారుకు తెచ్చిన లియో ఫెండర్ కూడా రేడియోలు బాగుచేసినవాడేననీ, ఆయనకూ గిటార్ వాయించడం రాదనీ చాలా ఏళ్ల తర్వాత చదివినప్పుడు నాకు మా నాంపల్లి సందే కళ్ల ముందు కదిలింది. రాదు కాబట్టే ఆయనకు నేను కావలసి వచ్చాను. "నువ్వు వాయించు బిడ్డా, నేను వింట," అనేవారు. అలా రెండేళ్లు, రోజూ సాయంత్రం గంటసేపు. నాకు వచ్చిన గిటారంతా ఆ గదిలో వచ్చిందే. పన్నెండో మెట్టు మీద తీగను నొక్కకుండా వేలు తాకించి మీటు, తర్వాత నొక్కి మీటు, రెండూ ఒక్క స్వరమే పలకాలి, పలికితేనే అది గిటార్ అని చూపించింది ఆయనే. మెట్లు అనేవారు గానీ ఫ్రెట్లు అనేవారు కాదు. బొబ్బిలి వీణకున్నవీ మెట్లే, దీనికున్నవీ మెట్లేనని. పాలకొల్లు కుర్రాడు శ్రీనివాస్ కరెంటు మాండలిన్ మీద త్యాగరాజ కీర్తన వాయిస్తుంటే రేడియో దగ్గర కళ్లు మూసుకుని కూర్చునేవారు.

మూడో చుక్క ఎందుకని ఒకసారి అడిగాను. "రెండు లోకానికి. ఒకటి నాది," అన్నారు. పేరెందుకు రాయరంటే నవ్వారు. "పేరు సదువొచ్చినోళ్లు ఎవరన్న సదువుతరు. నన్నెరిగినోడు గా చుక్క జూస్తె చాలు."

ఒక గిటార్ నా చేతికి బాగా కుదిరింది. పన్నెండు వందలు. నా దగ్గర నెలకు నూరు మిగలడమే గగనం. తీసుకుపొమ్మన్నారు, ఉన్నప్పుడు ఇమ్మన్నారు. నౌకరీ వచ్చాక డబ్బిచ్చే తీసుకుంటానని పంతంగా చెప్పాను. నౌకరీ బెంగళూరులో వచ్చింది. పెళ్లి, పిల్లలు, బదిలీలు. ముప్పై అయిదేళ్లు గడిచాయి, నాంపల్లి సందులోకి మళ్లీ పోలేదు.

ఇప్పుడా మూడు చుక్కలు నా ముందున్నాయి. అమ్మేవాడికి ముప్పై అయిదు ఉంటాయి. నేను వంగి, పక్కనున్న ఎంసెట్ గైడు తీసి రేటు అడిగాను.

"పుస్తకాలు నావి గావు సార్. నాది గిటారొక్కటే."

"ఓ, అదా. ఎంత?"

"ఎనిమిది వేలు. ఇసొంటిది ఎప్పుడన్న చూసిండ్రా సార్?"

"లేదు," అన్నాను.

చేతిలోకి తీసుకున్నాను. ఫుట్‌పాత్ మీద కరెంటు లేదు కాబట్టి చెక్కకే చెవి ఆనించి మీటాను. పన్నెండో మెట్టు మీద తాకించి ఒకసారి, నొక్కి ఒకసారి. రెండు స్వరాలూ ఒకటే. ఇన్నేళ్ల తర్వాత కూడా వెంట్రుకవాసి తేడా లేదు. గొంతు పూడుకుపోయింది. మొహం మాత్రం కదలనివ్వలేదు.

"పేరు కూడా లేదు కదా తమ్మీ. ఎవరు చేసిందిది?"

"ఈడనే, నాంపల్లిల చేసిన్రు. మీకేమన్న తెలుసా సార్, ఎవరో?"

"నాకెలా తెలుస్తుంది? ఊరూ పేరూ లేని దానికి ఎనిమిది వేలా?"

అతను ఆరు వేలకు దిగాడు. నేను నాలుగన్నాను. చివరికి అయిదు వేల దగ్గర ఆగాం. అప్పుడు నా వేలు ఆ చుక్కల మీదే ఉంది. ఇంకొక అయిదు వందలు తగ్గించడానికి ఒక్క సాకు కావాలి. ఆ క్షణంలో నాకు దొరికిన సాకు ఇది:

"ఇక్కడ చూడు, రెండు చుక్కలుండాలి. మూడున్నాయి. చేసినవాడికి లెక్క కూడా తెలిసినట్టు లేదు."

అతను నా మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత తల వంచుకుని పట్టా మడవసాగాడు. "సరే సార్. నాలుగున్నర. ఇల్లు దగ్గర్నే, యాంప్లిఫయర్ ఉన్నది. వాయించి చూసినంకనే పైసలియ్యుండ్రి."

స్టేషన్ రోడ్డు పట్టుకుని నాంపల్లి దాకా నడిచాం. దారిలో అతను మాట్లాడలేదు. ఆ పాత సందు కాదు, ఇంకో రెండు వీధులు అవతల రెండు గదుల ఇల్లు. చెప్పులు విడిచి లోపలికి అడుగుపెడితే ఎదురుగా గోడ మీద ఆయన. ఫొటోకు గంధపు పూసల దండ.

కొడుకు వైరు తగిలించి, యాంప్లిఫయర్ వేడెక్కేదాకా ఆగమన్నాడు. చెప్పాలంటే అప్పుడే చెప్పాలి. కానీ ఫుట్‌పాత్ మీద అన్న మాట నాకూ ఆ ఫొటోకూ మధ్య నిలబడి ఉంది. నోరు పెగల్లేదు. వాయించడం మొదలుపెట్టాను. ఆ సాయంత్రాల్లో ఆయన మళ్లీ మళ్లీ అడిగి వాయించుకున్న స్వరవరసే వేళ్లకు వచ్చింది. చింతగింజలతో లెక్కపెట్టి చుట్టిన ఆ పికప్ ఎలా పలికేదో అలాగే పలికింది. ముగించి, బేరం ఊసెత్తకుండా నాలుగున్నర వేలు లెక్కపెట్టి అతని చేతిలో పెట్టాను. త్వరగా బయటపడాలనిపించింది.

లోపలి గది గుమ్మంలోకి ఒక పెద్దావిడ గోడ పట్టుకుని వచ్చింది. నన్ను చూసి, కొడుకును అడిగింది.

"పేరు చెప్పిండారా?"

"లేదమ్మా. తెల్వదన్నడు."

ఆవిడ నెమ్మదిగా మంచం మీద కూర్చుంది. నేను మర్యాదకు ఏదో అడగాలని, ఏం పేరమ్మా అన్నాను. ఆ మాట కూడా నేనే అన్నాను.

"మా ఆయన పేరు బిడ్డా. పోయే ముందల చెప్పిండు. ఆరు గిటార్లు మిగిలినయి. బజార్ల పెట్టుండ్రి, పేరు మాత్రం మీరు చెప్పకుండ్రి అన్నడు. ఎవరన్న మూడు చుక్కలు జూసి, ఆయన పేరు చెప్పి అడిగితె, ఒక్క పైస తీస్కోకుంట చేతిల పెట్టుమన్నడు. ఆర్నెల్ల సంది ఐతారం ఐతారం పిలగాడు పోయి కూసుంటున్నడు. అయిదు అమ్మినం. అయిదుగురూ పైసలే ఇచ్చిన్రు. గిది ఆఖరుది."

కొడుకు డబ్బును లెక్కపెట్టకుండానే ఫొటో కింది అలమారలో పెట్టాడు. గిటార్‌ను పాత దుప్పటిలో చుట్టి, తాడు కట్టి, రెండు చేతులతో నాకు అందించాడు. నేను గడప దాటబోతుంటే ఆవిడ పిలిచింది.

"గింత మంచిగ వాయించినవ్ బిడ్డా. ఆయనుంటె మురిసిపోయేటోడు. యాడ నేర్చుకున్నవ్?"

దుప్పటి మీద నుంచే నా బొటనవేలు పన్నెండో మెట్టును వెతుక్కుంది.

"కాలేజీలో నేర్చుకున్నానమ్మా," అన్నాను.