సిగ్నల్ ఉచితం, డిష్షే ఖరీదు

డిష్ పిచ్చి పట్టిన మనిషిని ‘కొత్త డిష్ ఒకటి తయారు చేస్తున్నాం, కొంటారా?’ అని అడిగి చూడండి. తప్పకుండా కొంటానంటాడు. ‘ఎంతకి కొంటారు?’ అని అడిగితే మాత్రం మాట మారుస్తాడు. లోపల ఏ చిప్ పెట్టారు, ఫిల్టరు ఎక్కడుంది, స్టాండు తుప్పు పడుతుందా అని ఎదురు ప్రశ్నలు మొదలుపెడతాడు. అన్నిటికీ జవాబులు విన్నాక, ‘అబ్బే, ఇదేముందండీ, ఇంట్లోనే చేసుకోవచ్చు’ అని తేల్చేస్తాడు. ఇంట్లో చేసుకోవడానికి పట్టే ఆదివారాలు, హైదరాబాద్‌లో కోటీ గుజరాతీ గల్లీ చుట్టూ తిరగడానికయ్యే పెట్రోలు, కాలిపోయిన రెండు ఆంప్లిఫయర్లు అతని పద్దులో ఎక్కడా కనిపించవు. ఔత్సాహికుడి లెక్కలో తన శ్రమ ఖరీదు సున్నా. ఆ సున్నాతో పోటీపడి ధర పెట్టాల్సినవాడు తయారీదారు.

ఈ బేరం అమెరికాలో యాభై ఏళ్ల కిందటే మొదలైంది. 1975 సెప్టెంబరులో హెచ్‌బీవో అనే సినిమాల చానల్ తన కార్యక్రమాలను ఉపగ్రహం మీదుగా కేబుల్ కంపెనీలకు పంపడం ప్రారంభించింది. మరుసటి ఏడాదికల్లా స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ టేలర్ హోవర్డ్, కాలిఫోర్నియాలోని తన ఇంటి దగ్గర సొంతంగా డిష్ బిగించి ఆ సినిమాలు చూడసాగాడు. పెద్దమనిషి. ఊరికే చూడటానికి మనసొప్పక హెచ్‌బీవోకి 100 డాలర్ల చెక్కు పంపాడు. తాము పెద్ద కేబుల్ కంపెనీలతో తప్ప వ్యవహారం చెయ్యమంటూ వాళ్లు చెక్కు తిప్పి పంపారు. సరుకు తనే తెచ్చుకుని, ధర తనే కట్టి, డబ్బు కూడా తనే పంపిన గిరాకీ అది. ఇలాంటివాడు దొరకాలని ఏ వ్యాపారి అయినా దేవుడికి మొక్కుకుంటాడు. దొరికితే పొమ్మన్నారు.

హోవర్డ్ బాధపడుతూ కూర్చోలేదు. ఇంట్లో డిష్ ఎలా కట్టుకోవాలో వివరిస్తూ ఒక చేతిపుస్తకం వేశాడు. 1980లో ఇంకొకరితో కలిసి షాపరల్ కమ్యూనికేషన్స్ అనే కంపెనీ పెట్టాడు. అది అమ్మింది ఫీడ్‌హార్న్‌లు, అంటే డిష్ పోగుచేసిన తరంగాలను అందుకునే ముందు భాగం. తెలివి ఉన్నది ఇక్కడే. డిష్ గిన్నెను చెక్కతోనో వలతోనో ఎవరైనా కట్టేసుకుంటారు, వంకర పోయినా కాస్త సిగ్నల్ తగ్గుతుంది, అంతే. ఫీడ్‌హార్న్ కొలతలు తప్పితే మాత్రం తెర మీద చీమలే మిగులుతాయి. ఔత్సాహికుడి చెయ్యి ఎక్కడ ఆగుతుందో కనిపెట్టి అక్కడ కొట్టు తెరవడం తెలిసినవాడికి గిరాకీ సర్వేలతో పనేముంది?

అది తెలియనివాళ్లూ ఉన్నారు. 1979 క్రిస్మస్‌కి నీమన్ మార్కస్ అనే ఖరీదైన దుకాణం తన కేటలాగులో ఇంటి ఉపగ్రహ కేంద్రాన్ని 36,500 డాలర్లకి పెట్టింది. ఆ డిష్ వ్యాసం దాదాపు 6 మీటర్లు. అంత డబ్బున్నవాళ్ల పెరట్లో అప్పటికే ఈతకొలను ఉంటుంది, డిష్‌కి చోటుండదు. చోటున్న పల్లెటూరి రైతు దగ్గర ఆ డబ్బుండదు. అదే ఏడాది అక్టోబరులో అమెరికా ప్రభుత్వం సిగ్నల్ అందుకునే డిష్‌లకు లైసెన్సు అక్కర్లేదని ప్రకటించింది. చిన్న చిన్న తయారీదారులు రంగంలోకి దూకారు, ధర కొన్ని వేల డాలర్లకి దిగింది, కేబుల్ వైరు చేరని పల్లెల్లో డిష్‌లు మొలిచాయి.

అప్పుడు గుర్తొచ్చింది హెచ్‌బీవోకి, డబ్బులు అడగాలని. 1986 జనవరిలో సిగ్నల్‌కి తాళం వేసింది. తాళం తీసే పెట్టె 395 డాలర్లు, పైన నెలకి 12.95. జనం మండిపడ్డారు. డిష్‌లు అమ్మేవాళ్ల వ్యాపారం పడిపోయింది. ఫ్లోరిడాలో అలా దెబ్బతిన్న ఒక డీలరు పొట్టకూటి కోసం ఉపగ్రహానికి సిగ్నల్ పంపే కేంద్రంలో ఉద్యోగం కూడా చేస్తుండేవాడు. ఆ ఏప్రిల్‌లో ఒక అర్ధరాత్రి అక్కడి పెద్ద డిష్‌ని హెచ్‌బీవో ఉపగ్రహం వైపు తిప్పి, సినిమా మీద తన సందేశం ఎక్కించాడు. 12.95 ఇచ్చే ప్రసక్తే లేదన్నది దాని సారాంశం, కింద ‘కెప్టెన్ మిడ్‌నైట్’ అన్న దొంగపేరు. దేశం తూర్పు సగభాగంలో హెచ్‌బీవో పెట్టుకున్నవాళ్లు నాలుగు నిమిషాలకు పైగా దాన్ని చూశారు. దొరికాక 5,000 డాలర్ల జరిమానా పడింది. నెలకి 12.95 లెక్కన అది 32 ఏళ్ల చందా. పదేళ్ల కిందట ఇస్తామంటే వద్దన్నవాళ్లు, ఇమ్మంటే ఇవ్వనన్నవాళ్లు: ధర మీద ఏకాభిప్రాయం కుదిరిన ముహూర్తం ఒక్కటీ లేదు.

మన వైపు ధర గొడవ మరో తీరులో సాగింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఇస్రో ‘సైట్’ ప్రయోగం నడిపింది. నాసా ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టీవీ పాఠాలు వచ్చాయి, ఆంధ్రప్రదేశ్ పల్లెలకు తెలుగులో. ఒక్కో ఊరికి 3 మీటర్ల డిష్, దాని ఒళ్లంతా కోళ్ల గూళ్లకు బిగించే ఇనుప వల. ఊరివాళ్లకి పైసా ఖర్చు లేదు. ఆ ప్రయోగంలోనే ఇస్రోవాళ్లు కొలంబోలో ఆర్థర్ సి. క్లార్క్ ఇంట్లోనూ ఒక డిష్ పెట్టి వెళ్లారు. భూమధ్యరేఖకు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహాలు నిలిపి ప్రసారాలు చెయ్యొచ్చని 1945లోనే వ్యాసం రాసినవాడాయన. ముప్ఫై ఏళ్ల ముందు వ్యాసం రాసి కూర్చుంటే డిష్ ఉచితంగా వస్తుందన్నమాట. ఈ పథకం సంగతి తెలుగు వ్యాసకర్తలకు ఎవరూ చెప్పలేదు.

1991లో స్టార్ టీవీ వచ్చింది. మన ఊళ్లలో ఔత్సాహికుడు ఒక్కడే డిష్ మోయలేక వీధంతా వైర్లు లాగి, ఇంటింటికీ నెలనెలా వసూలు పెట్టి కేబుల్ ఆపరేటరయ్యాడు. గిరాకీ అంచనా వేయడానికి అతను చేసిన సర్వే ఏమిటంటే, క్రికెట్ మ్యాచ్ రోజున తలుపు తెరిచి పెట్టి ఎంతమంది చెప్పులు బయట విడిచారో చూసుకోవడం.

ఇప్పుడు సీరియళ్ల కోసం డిష్ కొనే మనిషి అరుదు. కొత్త గిరాకీ మబ్బుల బొమ్మలకి. 2012 ప్రాంతంలో, 20 డాలర్లు చేసే టీవీ డాంగిల్‌ని కంప్యూటర్‌కి తగిలిస్తే రకరకాల రేడియో తరంగాలు వినొచ్చని బయటపడింది. దాంతో అమెరికావారి పాత నోవా వాతావరణ ఉపగ్రహాల ఫొటోలను రెండు అల్యూమినియం కడ్డీలతో నేరుగా దించుకునేవారు. 2025లో ఆ పాత ఉపగ్రహాలను ఆపేశారు. ఇక మిగిలినవాటిలో చాలా వాటికి 1.7 గిగాహెర్ట్జ్ దగ్గర డిష్ కావాలి. డిష్ కంపెనీలకు ఇంతకంటే మంచి ప్రకటన ఎవరు చేసిపెడతారు?

క్రాకెన్‌ఆర్‌ఎఫ్ అనే రేడియో పరికరాల బృందం దీనికోసమే ‘డిస్కవరీ డిష్’ తెచ్చింది. వ్యాసం 70 సెంటీమీటర్లు. వ్యాసం రెట్టింపయితే పోగయ్యే సిగ్నల్ నాలుగింతలవుతుంది కాబట్టి పెద్దదే మేలు. కానీ కొరియరువాడు బరువుతో పాటు పెట్టె సైజునీ కొలిచి డబ్బులు గుంజుతాడు. అందుకని దీన్ని మూడు రేకులుగా విడగొట్టి సన్నటి పెట్టెలో పంపుతారు. గిరాకీ కొలిచే పద్ధతి కూడా నిక్కచ్చి: క్రౌడ్ సప్లై అనే వెబ్‌సైటులో ముందు డబ్బు కట్టించుకున్నారు. ‘తప్పకుండా కొంటాను’ అన్న మాటకి అక్కడ విలువ లేదు, కార్డు నంబరుకే.

హైదరాబాద్ మేడ మీద అలాంటి డిష్ పెట్టి తూర్పున, కాస్త ఆగ్నేయంగా, 30 డిగ్రీల ఎత్తుకి తిప్పితే కొరియా ఉపగ్రహం జీకే-2ఎ పంపే బొమ్మలు అందుతాయి. ఆసియాలో చాలా భాగం మీది మబ్బులు తెర మీద కనిపిస్తాయి. ‘ఒరే, ఎలాగూ మేడెక్కావు కదా, తలెత్తి చూస్తే కనపడవట్రా మబ్బులు?’ అని ఇంట్లో అమ్మ అడిగిన ప్రశ్నకి ఏ కంపెనీ కరపత్రంలోనూ జవాబు లేదు.

పైగా తయారీదారుకి అసలు పోటీ మేడల మీదే తుప్పు పడుతోంది. చందా కట్టడం మానేసిన డీటీహెచ్ డిష్‌లు వీధికి పది దొరుకుతాయి. 2018లో ఎగిరిన ఖతార్ ఉపగ్రహం ఎస్‌హెయిల్-2లో హ్యామ్ రేడియో వాళ్లకి ప్రత్యేకంగా చోటిచ్చారు. ఆ మాటలు 10.5 గిగాహెర్ట్జ్ దగ్గర వస్తాయి, ఈ పాత డిష్‌లు పడమటికి తిప్పితే పట్టేస్తాయి. కిలోల లెక్కన దొరికే డిష్‌కి ఎదురుగా కొత్త డిష్ ధర ఎంతని చెప్పాలి? ఎంత చెప్పినా ఔత్సాహికుడు అడగబోయేది ఒకటే: ‘మూడు రేకుల్లో ఒక్కటి విడిగా ఇస్తారా సార్? కొలతకి సరిపోతుంది. మిగతా రెండూ పాత డిష్‌లోంచి నేనే కోసుకుంటాను.’