పొరలకు ముద్ర: ఒక సటీక ఆటవెలది

అవతారిక: రాజోలు మండలం పటంలో బోదెలు, లంకలు, కొబ్బరితోటలు, రీసర్వే హద్దులు వేర్వేరు లేయర్లుగా పేర్చుకున్న ఒకానొక ఉద్యోగి, వాటన్నిటికీ నిరూపక వ్యవస్థను మౌసుతో చెప్పి చెప్పి వేలు నొచ్చి, క్యూజీఐఎస్‌లో పైథాన్ స్క్రిప్టును శరణుజొచ్చిన సందర్భం.

మూలం:
పొరలకెల్ల ముద్ర పొందుగా వేయుము
మూడు రెండు ఆరు నాల్గు నాల్గు
పేరు మార్చినంత బిందువు గదలదు
దాచకున్న రాత దక్కదన్న

ప్రతిపదార్థం: పొరలకు + ఎల్ల = ప్రాజెక్టులోని లేయర్లన్నిటికీ (ఫర్ లూపు తిప్పి అని అధ్యాహారం); ముద్ర = సీఆర్ఎస్, అనగా నిరూపక వ్యవస్థ; పొందుగా వేయుము = సెట్‌సీఆర్ఎస్ అని ఆజ్ఞాపించుము; బిందువు = సర్వే రాయి మొదలగునది; తక్కినది సుగమం.

రెండో పాదంలో యతి లేదు, సంధీ లేదు. కవి దోషం కాదు. సంధి చేసి ‘రెండారు’ అంటే పన్నెండనుకుంటారు. ఇక యతి సంగతి: ఈ అంకెలు నిరూపక వ్యవస్థకు సంకేతం; అలాంటి సంకేతాల పట్టికను మొదలుపెట్టింది యూరోపియన్ పెట్రోలియం సర్వే గ్రూపు. చమురువాళ్లు ఛందస్సు చూసుకుని పని మొదలుపెట్టరని 1995లో పాశర్లపూడి డ్రిల్లింగ్ బావి మంట చూసినవారికి వేరే చెప్పాలా?

32644 అంటే డబ్ల్యూజీఎస్ 84 మీద యూటీఎం 44వ మండలం. అది 78 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశం వరకు. రాజోలు 81.8 దగ్గర హాయిగా మధ్యలో ఉంది. అనంతపురం వారికి 43, ఇచ్ఛాపురం వారికి 45. వారు ఈ పద్యాన్ని ఉన్నదున్నట్టు వల్లించరాదు.

నాకు కవితో పేచీ ‘ఎల్ల’ దగ్గర. లేయర్లలో ఒకటి డిగ్రీల్లో ఉందనుకోండి: 81.8, 16.5. దానికీ ఇదే ముద్ర కొడితే కంప్యూటర్ వాటిని మీటర్లనుకుంటుంది. 44వ మండలం లెక్క భూమధ్యరేఖ మీద, 81వ రేఖాంశానికి 500 కిలోమీటర్లు పడమరగా మొదలవుతుంది. కనుక రాజోలు మాల్దీవులకు తూర్పున హిందూ మహాసముద్రంలో తేలుతుంది. రాజోలు మండలం మొత్తం కలిపి జానెడు కూడా ఉండదు! ఎవరెస్ట్ గోళం మీదే యూటీఎం మీటర్లలోకి తెచ్చిన పాత టోపో షీటుకు ఈ ముద్ర వేస్తే తప్పు కొన్ని వందల మీటర్లే. కానీ వశిష్ఠ గోదావరి గట్టున ఆ మాత్రం చాలు, తోట ఏట్లో దిగడానికి.

కవి దీన్ని ఎరుగడా? ఎరుగును, మూడో పాదం అందుకే. సెట్‌సీఆర్ఎస్ లేయరు ఏ భాషలో ఉందో చెబుతుందే గానీ అంకెలను ముట్టుకోదు. అంకెలే మారాలంటే రీప్రొజెక్ట్ అనే వేరే క్రియ ఉంది. ఈ భేదం తెలిసీ ‘ఎల్ల’ అనడం పాదపూరణ తొందర. ముందు ప్రతి లేయరు అంకెలూ చూసుకుని, మీటర్లలో ఉన్నవాటికే ముద్ర అనవలసింది.

నాలుగో పాదం: స్క్రిప్టు చివర ప్రాజెక్టును రైట్ చేయకపోతే వేసిన ముద్రలు క్యూజీజెడ్ ఫైలుకు ఎక్కవు. ‘అన్న’ ఎవరికి సంబోధన అన్నది సందేహం. మబ్బు పట్టి, కరెంటు పోయి, సేవ్ చేశావా అని అడుగుతున్న పక్క కుర్చీవాడికే అని నా అభిప్రాయం.