తరంగాల మాస్టారు

ఆదివారం పొద్దున్న ఏడింటికి మాస్టారు మైకు ముందు కూర్చుంటారు. కార్యక్రమం అరగంట. అందులో పాట నాలుగు నిమిషాలు. తక్కినదంతా పాటకు పీఠిక.

ఇలాంటివారు ఊరికొకరు ఉంటారు గానీ, బెజవాడలో వీధికొకరు. తప్పు వీళ్లది కాదు. 1948 డిసెంబరు 1న ఇక్కడ రేడియో కేంద్రం పెట్టారు. పళ్లు తోముకునే వేళ బాలమురళి భక్తిరంజని, ఆదివారం పప్పన్నంలోకి ఉషశ్రీ పురాణం. ఆ చెవులతో పెరిగినవాడు బ్యాంకులో ముప్పై ఏళ్లు చలాన్లు చూసి రిటైరైతే ఇంకేం చేస్తాడు?

మాస్టారికి దొరికింది ఆకాశవాణి కాదు, ఊరి చివర కాలేజీలో ఓ కమ్యూనిటీ రేడియో. ట్రాన్స్‌మిటర్ 50 వాట్లు. మా వసారా బల్బు 60. నాలుగు ఊళ్లు దాటితే గరగర. అయినా మాస్టారు "ప్రపంచ నలుమూలలా ఉన్న శ్రోతలకు" నమస్కారం పెట్టందే మొదలుపెట్టరు.

ఆయన ప్రాణం నారాయణతీర్థుల తరంగాలు. కూచిపూడివాళ్లు పళ్లెం అంచున నిలబడి ఆడేది వీటికే. తీర్థులవారిది మన మంగళగిరి పక్క కాజేనని పన్నెండు నిమిషాలు వాదిస్తారు. ఎదుట ఎవరూ కాదనరు. స్టూడియోలో ఉన్నది సౌండు కుర్రాడొక్కడే, వాడు ఫోను చూసుకుంటూ ఉంటాడు. వాదించేవాడు లేకపోతే మాస్టారే "కొందరంటారు" అని ఓ ప్రతివాదిని పుట్టించి, వాణ్ని ఓడించి, మంచినీళ్లు తాగుతారు.

ఐర్లాండులో కీరన్ మాక్ మహూన అనే ఆయన 1970 నుంచి 2005 దాకా ఆదివారాలు పొద్దున్నే రేడియోలో వాళ్ల పాత పాటలు వినిపించాడనీ, అంతకుముందు రికార్డింగు బండిలో పల్లెలు తిరిగాడనీ మనవడెవడో చెప్పాడు. 35 ఏళ్లు! మాస్టారు వేళ్లు లెక్కపెట్టారు. తనకింకా 32 ఉన్నాయి. వయసు 68 అన్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు.

మర్నాడే పామర్రు మీదుగా కూచిపూడి బయల్దేరారు, సంచిలో రికార్డరు. తరంగాలు పాడే ఓ ముసలమ్మ దొరికింది. నలభై నిమిషాల రికార్డింగు. ముప్పై ఆరు నిమిషాలు మాస్టారి ప్రశ్న. తర్వాత ముసలమ్మ గొంతు: "కాఫీ తాగుతావా నాయనా?"

ఇంట్లో ఆవిడ క్రమం తప్పకుండా వింటారు, మిక్సీ వేసుకుంటూ.

"ఎలా ఉందోయ్?"

"బావుందండీ. కాజ సంగతి మళ్లీ చెప్పారుగా."

ఇంత చెప్పినా, పాట మొదలయ్యాక ఆయన్ని చూడాలి. నోరు మూతపడుతుంది, కళ్లు కూడా. ఓ ఆదివారం ఆ పరవశంలో తన మైకు కట్టేయలేదు. మధ్యాహ్నం పోరంకి నుంచి ఫోను.

"మాస్టారూ, ఇవాళ మృదంగం ఎవరండీ? కొంచెం వెనకబడుతున్నాడు గానీ, చెయ్యి భలే బరువండీ!"

మాస్టారు ఎర్రబడిన తొడ తడుముకున్నారు. ఆ విద్వాంసుడి వివరాలు వచ్చే ఆదివారం సవిస్తరంగా చెబుతానన్నారు.