సాగదీత ఎవరిది?

"పాత సినిమాలు మరీ నెమ్మదండీ" అని తీర్పు చెప్పే ప్రేక్షకుడే సీరియల్లో ఒక్క చెంపదెబ్బను మూడుసార్లు, ఆపై హాల్లో నిలబడ్డ ప్రతి మొహం మీదా ఉరుము చప్పుడుతో ఇంకోసారి, కిమ్మనకుండా చూస్తాడు. 1957 నాటి 'మాయాబజార్' మూడు గంటల్లో శశిరేఖ పెళ్లి చేసేసింది. అదీ పాండవుల్ని తెరమీదికే తేకుండా. అంతసేపట్లో సీరియల్ అత్తగారు మెట్లు దిగడం పూర్తవుతుందా అన్నది అనుమానమే. కూరలు తరుగుతూ చూసేవాళ్లకు చెప్పిందే చెప్పాలి కదా అంటారు. నిజమే, రోజువారీ సరుకుకు తప్పదు. కానీ అదే అరచూపుతో 'మాయాబజార్' ముందు కూర్చుంటే, మాయా శశిరేఖగా నటించే సావిత్రి ఒంట్లోకి ఘటోత్కచుడి దర్జా దిగే క్షణం ఫోన్లో తలదూర్చినప్పుడే దాటిపోతుంది. పాపం దర్శకుడు కె.వి.రెడ్డికి దాన్ని మూడుసార్లు తిప్పి చూపాలన్న తెలివి తట్టలేదు.